భుజం మీది బట్టల తాను దించడం: నిలుచుని చేసే తావో ధ్యానం ఎలా మొదలుపెట్టాలి

అమ్మా,

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కావలిలో ఆడిటరు ఆఫీసులో రోజుకు 9 గంటలు కంప్యూటర్ ముందు కూర్చుంటారు. వయసు 44. నడుము పట్టేస్తోంది, రాత్రి పడుకున్నాక కూడా తలలో అంకెలు తిరుగుతున్నాయి. వీడియో చూసి, తెల్లవారుజామున డాబా మీద చేతులు గుండ్రంగా ముందుకు పెట్టి 20 నిమిషాలు నిలబడ్డారు. మూడో రోజుకే మోకాళ్ళు నొప్పి, తొడల్లో వణుకు. ఆ వణుకు శక్తి లేవడమా అని అడిగారు. ఏ దిక్కుకు తిరగాలి, పూజలు చేసుకునేవాళ్ళు ఇది చేయవచ్చా అని కూడా అడిగారు. ఇవన్నీ కాక, మీ అత్తగారు "పొద్దున్నే ఆ కొంగజపం ఏమిటమ్మా" అంటున్నారట.

అత్తగారి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆవిడ పోలిక మరీ దూరం పోలేదు. దీని చైనా పేరు జాన్ జువాంగ్. జాన్ అంటే నిలబడటం, జువాంగ్ అంటే నేలలో పాతిన గుంజ. "గుంజలా నిలబడ్డావేమిటి" అని మన ఇళ్ళలో పిల్లల్ని కసురుకునే మాటనే వాళ్ళు సాధనకు పేరుగా పెట్టుకున్నారు. కొంగకూ దీనికీ తేడా ఒక్కటే, కొంగ చేప కోసం నిలబడుతుంది. మీరు కూడా ఏదో ఒక చేప కోసం, అంటే చేతుల్లో వేడి, ఒంట్లో ప్రకంపన, కళ్ళ ముందు వెలుగు, ఇలాంటి వాటి కోసం నిలబడితే అత్తగారే గెలిచినట్టు.

నేను నెల్లూరు చిన్నబజారులో ఒక బట్టల దుకాణంలో 27 ఏళ్ళు కౌంటరు వెనక నిలబడ్డాను. 1981లో చేరాను, 2008లో మానేశాను. పొద్దున తొమ్మిదిన్నరకు నిలబడితే రాత్రి తొమ్మిది దాకా, మధ్యలో భోజనానికి అరగంట. పండగ రోజుల్లో అదీ లేదు. కాళ్ళలో నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. నిలబడటం మంచిదని నాకు ఎవరైనా చెబితే అప్పట్లో నవ్వేవాడిని. 2003లో సరుకు కోసం చెన్నై షావుకారుపేట వెళ్ళి లాడ్జిలో రెండు రాత్రులు ఉండవలసి వచ్చింది. నిద్ర పట్టక తెల్లవారకముందే మెరీనాకు నడిచాను. అక్కడ ఒక పెద్దాయన నలుగురైదుగురికి తైచీ నేర్పుతున్నాడు. కాసేపు చూసి, నేనూ వెనక నిలబడ్డాను. ఆయన వచ్చి నా కుడి భుజం మీద ఒక వేలు పెట్టి, తమిళంలో అడిగాడు: "ఇక్కడ ఏమి మోస్తున్నావు?"

ఏమీ లేదన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఎడమ భుజం మీద పెట్టించాడు, తరవాత కుడి భుజం మీద. కుడిది రెండు వేళ్ళు ఎత్తుగా ఉంది. అప్పుడు తెలిసింది. 22 ఏళ్ళుగా గోడౌన్ నుంచి బట్టల తానులు నేను కుడి భుజం మీదే మోస్తున్నాను. తాను కిందపెట్టినా భుజం మాత్రం కిందికి దిగలేదు. రాత్రి పడుకున్నప్పుడు కూడా ఆ భుజం తాను మోస్తూనే ఉందన్నమాట.

ఈ సాధన అంతా ఆ భుజాన్ని దించడమే. మిగతాదంతా దానికి ఏర్పాటు. చైనా వాళ్ళు దీన్ని సుంగ్ అంటారు, బిగింపు వదలడం. కూలబడటం కాదు, సోలిపోవడం కాదు. ఎముకలు నిలబడి ఉంటాయి, కండలు వాటి మీద వేలాడతాయి. మీరు మొదటి రోజే 20 నిమిషాలు నిలబడి చేసినది దీనికి సరిగ్గా వ్యతిరేకం. పళ్ళు బిగపట్టి ఓర్చుకున్నారు. ఓర్చుకోవడం మన ఆడవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వదలడమే నేర్చుకోవాలి. నేను 27 ఏళ్ళు కౌంటరు వెనక చేసింది కూడా ఓర్చుకోవడమే, దానికి ఫలితం నా కాళ్ళ మీద కనబడుతుంది.

ఇక చరిత్ర. తావో మార్గానికి మూలపురుషుడని చెప్పే లావోజీ కాలం నుంచి ఇదే రూపంలో వస్తోందని వీడియోల్లో చెబుతారు. ఈ రోజు మనం చూసే రూపం ఎక్కువగా యుద్ధవిద్యల గురువుల ద్వారా వచ్చింది. షింగ్‌యీ అనే చైనా యుద్ధవిద్యలో ఆరితేరిన వాంగ్ షియాంగ్‌జాయ్ అనే ఆయన 1920లలో యీచువాన్ అనే పద్ధతి నెలకొల్పి, ముందే కట్టిన దెబ్బల వరుసలు పక్కన పెట్టి, నిలబడటాన్నే పునాది చేశాడు. తరవాత ఆరోగ్యం కోసం మామూలు జనానికి కూడా నేర్పాడు. 1963లో పోయాడు. రూపం అలా వచ్చినా, లోపలి ఆలోచన మాత్రం తావో వాళ్ళదే. లావోజీ పేరుతో ఉన్న 81 అధ్యాయాల గ్రంథంలో 15వ అధ్యాయం బురద నీటి గురించి చెబుతుంది, కదపకుండా ఉంచితే అదే మెల్లగా తేరుకుంటుందని. మా చిన్నప్పుడు వానలకు చెరువు నీళ్ళు ఎర్రగా వచ్చేవి. అమ్మ బిందె లోపల ఇండుప గింజ అరగదీసి, నీళ్ళు పోసి, "ఎవరూ ముట్టుకోకండి" అని చెప్పి వెళ్ళిపోయేది. మేము మాత్రం తేరిందా లేదా అని మూత తీసి చూస్తూ బిందె కదిపేవాళ్ళం. ధ్యానంలో పెద్దవాళ్ళు చేసే తప్పు కూడా ఇదే.

పూజ విషయం ఒక్క మాటలో చెబుతాను. ఇందులో దేవుడు లేడు, మంత్రం లేదు, మీ పూజకు అడ్డం రాదు. పైగా నిలబడి ధ్యానించడం మనకు కొత్త కాదు. శ్రవణబెళగొళలో 57 అడుగుల గోమఠేశ్వరుడు నిలబడి ఉన్నది కాయోత్సర్గంలో. ఆ మాటకు అర్థం శరీరాన్ని వదిలేయడం. కాళ్ళకూ చేతులకూ తీగలు అల్లుకున్నా ఆయన ముఖంలో బిగింపు లేదు చూడండి. మహాబలిపురం రాతి శిల్పంలో ఒంటికాలి మీద తపస్సు చేసే ముని ఉంటాడు, అదే శిల్పంలో ఆయనలాగే చేతులెత్తి నిలబడ్డ పిల్లి కూడా ఉంటుంది. నెల్లూరు నుంచి ఎప్పుడైనా అటు వెళితే ఇద్దరి భుజాలూ పోల్చి చూడండి. నాకు ఆ పిల్లి అంటే ఇష్టం.

ఇప్పుడు ఎలా నిలబడాలో చెబుతాను. మొదటి మండలం, అంటే 41 రోజులు, చేతులు ఎత్తవద్దు. వీడియోలో చూసిన చెట్టును కౌగలించుకునే భంగిమ ప్రస్తుతానికి మరిచిపోండి. చేతులు పక్కన వదిలేసి నిలబడే దాన్ని వూజీ అంటారు. అది చాలు.

చెప్పులు విప్పి, పల్చటి చాప మీద నిలబడండి. పాదాల మధ్య దూరం మీ భుజాలంత. రెండు పాదాలూ దాదాపు సమాంతరంగా, వేళ్ళు ముందుకు. ఒకసారి బరువు మడమల మీదికి, ఒకసారి వేళ్ళ మీదికి మార్చి ఊగండి, ఊపు తగ్గించుకుంటూ వచ్చి మధ్యలో ఆగండి. చాలామంది మడమల మీదే నిలబడతారు, అలవాటు లేక అది తెలియదు. ఇప్పుడు మోకాళ్ళు పూర్తిగా వెనక్కి బిగించండి. బిగించాక, ఒక వేలి మందం వదలండి. అంతే వంపు. మీరు రాసిన దాన్నిబట్టి వీడియో చూసి బాగా కిందికి దిగి నిలబడ్డారు. దాన్ని మా బడిలో గోడకుర్చీ అనేవాళ్ళు, లెక్కలు చేయని వాళ్ళకు వేసే శిక్ష అది. మోకాళ్ళ నొప్పికి మూలం అక్కడే. మోకాలి చిప్ప ఎప్పుడూ కాలివేళ్ళు దాటి ముందుకు రాకూడదు, మోకాళ్ళు లోపలికి వాలకూడదు.

నడుము దగ్గర ఆగండి, మీకు అసలు పని అక్కడే. వీపు గోడకు ఆనించి నిలబడి, నడుము వెనక అరచెయ్యి దూర్చి చూడండి. చెయ్యి ధారాళంగా దూరితే వంపు ఎక్కువ ఉన్నట్టు. ఎత్తయిన స్టూలు అంచు మీద కూర్చోబోయి, ఇంకా కూర్చోలేదన్నట్టు పిరుదులు కిందికి వదలండి. గోడకూ నడుముకూ మధ్య సందు తగ్గుతుంది. బలవంతంగా పిరుదులు ముందుకు నెట్టవద్దు, తోక ముడుచుకున్నట్టు అయిపోతుంది. గోడ దగ్గర వారం రోజులు ఇది చూసుకున్నాక గోడ వదిలేయండి. నిజానికి ఇది రాకపోతే మిగతా ఏదీ రాదు. నాకు ఈ ఒక్కటి కుదరడానికి ఏడాదిన్నర పట్టింది, అందుకే ఇంత సాగదీస్తున్నాను.

భుజాలకు నా వృత్తిలోని పోలికే చెబుతాను. తడి చీర దండెం మీద వేస్తే ఎలా ఉంటుంది? దండెం మీద పట్టుకుని ఏమీ ఉండదు, బరువుకు అదే రెండు వైపులా జారి ఉంటుంది. చేతులు అలా వేలాడాలి. చంకల కింద పొదలకూరు నిమ్మకాయ ఒకటి ఉన్నట్టు కొంచెం ఖాళీ ఉంచండి. నొక్కితే రసం కారుతుంది, వదిలితే పడిపోతుంది. ఛాతీ సైనికుడిలా ముందుకు తోయవద్దు. తల నడినెత్తి దగ్గర ఎవరో దారం కట్టి పైనుంచి పట్టుకున్నట్టు, గడ్డం కాస్త లోపలికి. తాపీమేస్త్రి గోడ నిలువు చూడటానికి దారానికి గుండు వేలాడదీస్తాడు కదా, ఆ దారం నడినెత్తి నుంచి పాదాల మధ్యకు దిగినట్టు ఉండాలి. నాలుక కొసను పై పళ్ళ వెనక అంగిలికి తాకించండి, ఊరిన ఉమ్మి మింగేయండి. కళ్ళు సగం మూసి, చూపు దూరంగా వదిలేయండి. ఏదీ తేరిపార చూడవద్దు. శ్వాస ముక్కుతో, దాన్ని కదిలించవద్దు. ప్రాణాయామం తెలిసినవాళ్ళకు ఇదే కష్టం, శ్వాసను సరిచేయకుండా ఉండలేరు.

మనసు ఎక్కడ పెట్టాలి అంటే, బొడ్డుకు మూడు వేళ్ళ కింద, లోపల. దాన్‌తియెన్ అంటారు. అక్కడ ఏదో వెలుగుతోందని ఊహించనక్కర్లేదు. ఆకలి వేసినప్పుడు ధ్యాస పొట్ట మీదికి పోతుంది చూడండి, అంత తేలికగా. అంకెలు వస్తాయి, మీకు తప్పకుండా వస్తాయి, మార్చి నెల అయితే మరీ వస్తాయి. రానివ్వండి. అంకెలు వచ్చినప్పుడల్లా భుజం, దవడ, కనుబొమల మధ్య, ఈ మూడు చోట్లా చూసుకోండి. వాటిలో ఒకటి బిగుసుకుని ఉంటుంది. దాన్ని వదలండి. అంకెలతో పోట్లాడటం కన్నా ఇది సులువు, ఫలితం కూడా త్వరగా కనిపిస్తుంది.

సమయం: మొదటి వారం 3 నిమిషాలు. అవును, మూడే. తరవాత వారానికి ఒక్క నిమిషం పెంచండి. అలా పెంచితే 20 నిమిషాలకు చేరడానికి నాలుగు నెలలు పడుతుంది. ఇంకా నిలబడగలను అనిపిస్తున్నప్పుడే ఆపాలి. రేపు పొద్దున డాబా మెట్లు ఎక్కించేది ఆ మిగిలిపోయిన కోరికే. ఒక రోజు 40 నిమిషాలు చేసి నాలుగు రోజులు మానేయడం కన్నా ఇది మేలని నా అనుభవం. చేతికి గడియారం వద్దు, ఫోను చూడటం అసలే వద్దు. అగరొత్తి ఒకటి వెలిగించి 3 నిమిషాల్లో ఎంత కాలుతుందో ఒకసారి చూసి గుర్తు గీసుకోండి. రోజూ అంత ముక్క విరిచి పెట్టుకుంటే సరిపోతుంది. దోమలకు కూడా కొంత పని చేస్తుంది. నెల్లూరు జిల్లా దోమల గురించి నేను మీకు చెప్పాలా? కదలకుండా నిలబడ్డ మనిషి వాటికి పెళ్ళిభోజనం. కాళ్ళు కప్పే పైజామా వేసుకోండి, మరీ ఎక్కువైతే లోపల ఫాను కింద చేయండి. దోమ కుడితే తోలేయండి. కుట్టినా కదలకపోవడం సాధన అని ఎవరైనా చెబితే, వాళ్ళది ఏ ఊరో అడగండి.

ముగించేటప్పుడు చటుక్కున వెళ్ళిపోకండి. అరచేతులు వేడెక్కేలా రుద్దుకుని పొట్ట మీద పెట్టుకోండి. తరవాత మడమలు పదిసార్లు ఎత్తి దించి, రెండు నిమిషాలు డాబా మీద మెల్లగా నడవండి. పిక్కల కండరాలు ముడుచుకుని వదిలినప్పుడు కాళ్ళలోని రక్తం పైకి గుండె వైపు బాగా పోతుంది. కదలకుండా నిలబడితే అది కొంత కాళ్ళలో నిలిచిపోతుంది. ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. రెండో ఏడాది, రోహిణి కార్తెలో, ఏకాదశి ఉపవాసం ఉండి, మోకాళ్ళు బిగించి 40 నిమిషాలు నిలబడాలని పంతం పట్టాను. రోళ్ళు పగిలే ఎండాకాలం, తెల్లవారుజామునే ఉక్క. మొదట చెవుల్లో హోరు, తరవాత చూపు అంచుల నుంచి నల్లబడటం, అంతే. పిట్టగోడకు గడ్డం తగిలి మూడు కుట్లు పడ్డాయి. మా ఆవిడ నెల రోజులు నన్ను డాబా ఎక్కనివ్వలేదు. కవాతులో సిపాయిలు పడిపోయేది కూడా ఈ కారణం వల్లే. చెవుల్లో హోరు, చెమట, ఆవలింతలు వరసగా, కళ్ళు బైర్లు, వీటిలో ఏది వచ్చినా అక్కడే నేల మీద కూర్చోండి. పరువు గురించి చూసుకోవద్దు.

మీ వణుకు సంగతి. అది కుండలినీ కాదు, చైనా వాళ్ళు చీ అనే ప్రాణశక్తి కూడా కాదు. అంతసేపు బరువు మోసే అలవాటు లేని తొడ కండరాలు అలసిపోయి వణుకుతున్నాయి. బిందె నీళ్ళు ఎత్తుకుని మెట్లు ఎక్కితే చేతులు వణుకుతాయి, దాన్ని ఎవరూ ధ్యానం అనరు. సన్నటి వణుకు అయితే పట్టించుకోవద్దు, ఎక్కువైతే కొంచెం పైకి లేచి నిలబడండి. కొద్ది వారాల్లో అది తగ్గుతుంది. అరచేతుల్లో వేడి, వేళ్ళ కొసల్లో చిమచిమలు కూడా వస్తాయి. భుజాలు వదిలితే చేతుల్లోకి రక్తం బాగా వస్తుంది, వేడి అందుకే. చైనా వాళ్ళు దాన్ని చీ అని పిలుస్తారు, పిలుచుకోనివ్వండి. దాని కోసం ఎదురుచూడకపోతే చాలు. కొందరికి కారణం లేకుండా కన్నీళ్ళు వస్తాయి. నాకూ వచ్చాయి, దుకాణం మానేసిన ఏడాది. తుడుచుకోవడం కన్నా చేయవలసింది ఏమీ లేదు. మోకాలిలో సూదితో పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం ఆపేయాలి, అది సాధనకు సంబంధించిన నొప్పి కాదు.

మీరు మందులు ఏమైనా వాడుతున్నారో రాయలేదు. బీపీ మాత్ర వేసుకునేవాళ్ళకు నిలబడి ఉన్నప్పుడు బీపీ పడిపోయే అవకాశం ఉంటుంది, మాత్ర వేసుకున్న వెంటనే చేయవద్దు, డాక్టరుకు ఒకసారి చెప్పండి. షుగరు వల్ల అరికాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళు వట్టి కాళ్ళతో కాకుండా మెత్తటి చెప్పులతో, చెయ్యి అందే దూరంలో గోడ ఉండేలా నిలబడాలి. నాలాగా నరాలు ఉబ్బినవాళ్ళు 10 నిమిషాలు దాటకపోవడం మంచిది. నేను ఈ రోజుకు కూడా 10 దాటను. కడుపుతో ఉన్నవాళ్ళు ఇప్పుడు మొదలుపెట్టవద్దు. తిన్న వెంటనే ఎవరూ చేయవద్దు, మరీ ఖాళీ కడుపు కూడా వద్దు, ఒక గ్లాసు నీళ్ళో మజ్జిగో చాలు.

దిక్కు గురించి: చైనాలో కొందరు దక్షిణం అంటారు, మన పెద్దలు తూర్పు అంటారు. మాకు వేసవిలో సముద్రం వైపు నుంచి గాలి ఎప్పుడు వస్తే అటు తిరుగుతాను. కార్తీకంలో వాయుగుండం పట్టి వారం రోజులు వాన కురిస్తే వసారాలోకి మారతాను. చోటు కన్నా వేళ ముఖ్యం. రోజూ ఒకే వేళకు వెళితే మూడో వారానికి ఒళ్ళే లేపుతుంది.

మండలం పూర్తయ్యాక చేతులు ఎత్తవచ్చు. మొదట బొడ్డు ఎత్తులోనే, పెళ్ళిళ్ళలో నీళ్ళు పోసే పెద్ద గంగాళాన్ని ఒడిలో పట్టుకున్నట్టు. గంగాళాన్ని నొక్కవద్దు, మీ చేతులు దాన్ని ఆనుకుని ఉన్నాయంతే. మోచేతులు మణికట్టు కన్నా పైకి లేవకూడదు. ఛాతీ ఎత్తుకు తీసుకువెళ్ళడానికి ఇంకో రెండు నెలలు ఆగండి. చేతులు ఎత్తగానే నిమిషాలు మళ్ళీ మూడుకు దించాలి. ఇది చాలామందికి నచ్చదు.

అత్తగారి కోసం ఒక ఉపాయం. డాబా మీద ఆవిడకు కుర్చీ వేసి, మీ నడుము వెనక చెయ్యి పెట్టి సందు ఎంత ఉందో చూసి చెప్పమనండి. నాకు మా ఆవిడ ఆ పని చేసేది. "ఇవాళ నిమ్మకాయ పడిపోయింది" అనేది చంకలు చూసి. బయటి కన్నుకు కనబడినంత మనకు తెలియదు.

41 రోజులు అయ్యాక మళ్ళీ రాయండి. ఎన్ని నిమిషాలు నిలబడ్డారో నాకు అక్కర్లేదు. అద్దం ముందు నిలబడి, భుజాలు రెండూ చూసుకుని, ఏది ఎత్తుగా ఉందో చెప్పండి. మౌసు పట్టుకునే కుడి భుజమే అయి ఉంటుందని నా అంచనా.